‘సీడెడ్’: ఒక ఆంగ్ల క్రియ చరిత్ర

దేనినైనా వదలుకొనడాన్ని చెప్పే క్రియలకు ఆంగ్లభాషలో కొదవ లేదు. రాజు సింహాసనాన్ని వదలితే ఒక మాట, ఉద్యోగి కొలువును వదలితే ఒక మాట, విరాగి సంసారాన్ని వదలితే మరొక మాట, ఓడిన సేనాని కోటను వదలితే ఇంకొక మాట. ఇన్నింటిలో ‘సీడ్’ అనే పొట్టి క్రియ ఒక్కటే తెలుగు నేలమీద ఒక సీమకు పేరై నిలిచినది. బళ్ళారి, అనంతపురం, కడప, కర్నూలు ప్రాంతాలను నూరేండ్లకు పైగా సర్కారు కాగితాలు ‘సీడెడ్ జిల్లాలు’ అని వ్యవహరించినవి. తెలుగువారు దానిని ‘దత్తమండలములు’ అని అనువదించుకొన్నారు. నదినిబట్టి, కొండనుబట్టి, ఏలిన వంశాన్నిబట్టి, జనుల భాషనుబట్టి సీమలకు పేర్లు రావడం లోకంలో ఉన్నదే. ఒక సంధిపత్రంలోని క్రియాజన్య విశేషణం లక్షలాది ప్రజల చిరునామా కావడం మాత్రం అరుదు.

ఈ క్రియకు మూలం లాటిన్‌లోని ‘కేదెరె’. దాని తొలి అర్థం ఇచ్చుట కాదు. నడచుట, తొలగిపోవుట, దారి ఇచ్చుట. ఆంగ్లంలో ఈ ధాతువు సంతానం విస్తారం. ముందుకు సాగడాన్ని చెప్పే ‘ప్రొసీడ్’, వెనుకకు పోవడాన్ని చెప్పే ‘రిసీడ్’, ఒకరి తరువాత ఒకరు రావడాన్ని చెప్పే ‘సక్సీడ్’, విడిపోవడాన్ని చెప్పే ‘సిసీడ్’, వచ్చి చేరడాన్ని చెప్పే ‘ఆక్సీడ్’ అన్నీ ఒక ఇంటి బిడ్డలే. ఉపసర్గ లేని ‘సీడ్’ కూడా 17వ శతాబ్దిలో ఆంగ్లంలోకి వచ్చినప్పుడు కర్మ అక్కరలేని క్రియగానే వచ్చినది. ఒకడు మరొకనికి దారి ఇచ్చి తప్పుకొంటాడు, అంతే. 18వ శతాబ్ది నడుమ నాటికి దానికి కర్మ కుదిరినది. ఆ కర్మ సాధారణంగా భూమి. యూరోపు రాజులు యుద్ధం ముగిసిన పిదప బల్లచుట్టూ కూర్చుండి ద్వీపాలను, రాష్ట్రాలను చేతులు మార్చుకొనే కాలమది. ఆ పనికి అనువైన క్రియ అప్పటికి సిద్ధమైనది.

రోమను న్యాయంలో ఈ ధాతువునుండి పుట్టిన ఒక తంతు ఉన్నది. ఆస్తి చేతులు మారవలసినప్పుడు ఇచ్చేవాడూ పుచ్చుకొనేవాడూ న్యాయాధికారి ఎదుటికి వస్తారు. పుచ్చుకొనేవాడు వస్తువుమీద చేయి వేసి ‘ఇది నాది’ అంటాడు. నీవేమంటావని న్యాయాధికారి ఇచ్చేవానిని అడుగుతాడు. వాడు కాదనడు, లేదా ఊరకుంటాడు. వెంటనే వస్తువు మొదటివానిదని తీర్పు వస్తుంది. ఇచ్చేవాడు ఇచ్చినానని అనవలసిన పని లేదు, మౌనమే చాలును. న్యాయవేత్త గాయుస్ వర్ణించిన ఈ తంతును గుర్తుంచుకొంటే, పదహారు వందల ఏండ్ల తరువాత హైదరాబాదులో జరిగినది తేటగా కనిపిస్తుంది.

1798 సెప్టెంబరు 1నాటి ఒడంబడికతో నిజాం అలీఖాన్ ఈస్టిండియా కంపెనీ సేనను తన రాజ్యంలో నిలుపుకొన్నాడు. ఆ సేన జీతభత్యాలకు ఏటా 24,17,100 రూపాయలు చెల్లించాలి. అది రొక్కంగా ఇవ్వవలసిన సొమ్ము. 1799లో టిప్పుసుల్తాను పతనమైనాడు. మరుసటి ఏడు గవర్నర్ జనరల్ వెల్లస్లీ సేనను ఇంకా పెంచి, రొక్కానికి మారుగా నేలనే అడిగినాడు. రెసిడెంటు కిర్క్‌పాట్రిక్ ద్వారా 1800 అక్టోబరు 12న కుదిరిన సంధిలో, 1792నాటి శ్రీరంగపట్టణ సంధి వలనను, 1799నాటి మైసూరు సంధి వలనను నిజాముకు దక్కిన ప్రాంతాలన్నీ కంపెనీకి శాశ్వతంగా సంక్రమించినవి. తుంగభద్ర ఎల్లగా ఉండాలని కొన్ని తాలూకాలను ఇచ్చిపుచ్చుకొన్నారు కూడా. ఆదోని అట్లు ఇటు వచ్చినదే.

ఆ సంధిలో ఈ అప్పగింతను చెప్పిన వాక్యంలో ఒక క్రియ కాదు, రెండు ఉన్నవి. నిజాం ఆ ప్రాంతాలను ‘అసైన్’ చేసి ‘సీడ్’ చేస్తున్నాడని వ్రాసినారు. ఆంగ్ల న్యాయవాదులకు ఒక పనికి రెండు మూడు పర్యాయపదాలు జతచేయడం అలవాటు. దీనిని కూడా ఆ అలవాటు క్రిందనే చదివి ఊరకుండవచ్చును. కాని ఈ రెండు మాటలు ఏబది ఏండ్లకే విడిపోయి, ఒకటి ఉండి మరొకటి లేకపోవడం ఒక రాజ్యానికీ ఒక సామ్రాజ్యానికీ మధ్య తరాల తగవుకు కారణమైనది. ఆ సంగతి ముందు వస్తుంది.

నిజాము వదలుకొన్న నేల ఆయన తాతముత్తాతల సొత్తు కాదు. కడప ప్రాంతం ఎనిమిదేండ్ల క్రితం, గుత్తి, గుర్రంకొండ ఏడాది క్రితం, అదికూడా కంపెనీ పక్కన నిలిచి పోరినందుకు పంపకంలో వచ్చినవి. ఎడమచేతితో ఇచ్చినదానిని కుడిచేత తిరిగి తీసుకొన్నారని చరిత్రకారులు చమత్కరించడానికి ఇక్కడ చాలా చోటున్నది. ‘సీడ్’ అనే క్రియ మాత్రం ఈ చమత్కారాన్ని బయటపడనీయదు. అందులో కర్త దర్జాగా ప్రథమావిభక్తిలో కూర్చుంటాడు. ఒత్తిడి చేసినవాడు చేయి చాచిన ప్రతిగ్రహీతగా మాత్రమే కనిపిస్తాడు.

మన వ్యాకరణ పరిభాషలో చెప్పాలంటే ఈ క్రియకు మూడు కారకాలు: ఇచ్చే కర్త, ఇయ్యబడే కర్మ, పుచ్చుకొనే సంప్రదానం. ఆ కర్మమీద కాపురముండి దున్నుకొనేవానికి ఏ కారకమూ లేదు. వాడు అధికరణం కూడా కాడు. నేలలో చెట్టువలె, చెరువువలె కర్మలోనే అణగిపోతాడు. ఇది ఆంగ్లభాష దోషం కాదు, రాజనీతి దోషం. ఇదే ప్రశ్నను మన శాస్త్రకారులు మరొక సందర్భంలో వేసుకొన్నారు. విశ్వజిద్యాగంలో యజమాని సర్వస్వమూ దక్షిణగా ఇవ్వాలి. యజమాని సార్వభౌముడైతే భూమిని కూడా ఇచ్చివేయవచ్చునా? కూడదని జైమిని మీమాంసాసూత్రాల ఆరవ అధ్యాయంలో సిద్ధాంతం. భూమి అందరికీ సమానమైనది. రాజుకు ఉన్నది రక్షించే పని, దానికి ప్రతిఫలంగా పంటలో భాగం అని వ్యాఖ్యాతలు వివరించినారు. రాజులు అగ్రహారాలిచ్చి శాసనాలు వేయించలేదా అంటే వేయించినారు. వారు ఇచ్చినది ఆ భాగాన్నే అని సమాధానం. రాజులు ఎంతవరకు ఈ సిద్ధాంతాన్ని పాటించినారన్నది వేరే విషయం. ఆ ప్రశ్న వేసుకొనడానికి మాత్రం మన భాషలో చోటుండినది.

ఇంతటి ఆలోచన వెనుక ఉన్న భాషలోనికి ‘సీడెడ్’ను ‘దత్త’ అని దించుకొనడం అనువాదకులకు పాఠంగా నిలువదగిన సంగతి. తొలుత ఎవరు దించినారో కాని, మాటకు మాట సరిగానే ఉన్నది. ‘ఇయ్యబడిన’ అనే అర్థం తప్పు కాదు. అయితే లాటిన్ ధాతువులో ఉన్నది తొలగిపోవడం, సంస్కృత ధాతువులో ఉన్నది దానం. తెలుగు చెవికి ‘దత్త’ అనగానే దోసిట నీరు వదలి చేసే దానం తోస్తుంది, లేదా ఒక ఇంట పుట్టి మరొక ఇంటికి పోయిన దత్తపుత్రుడు తోస్తాడు. దానానికి దాత ఇష్టం ప్రాణం. దత్తతకు పుచ్చుకొనే ఇంటి వాత్సల్యం ప్రాణం. 1800నాటి కాగితంలో ఆ రెండూ లేవు. సేన జీతాల పద్దు ఉన్నది. అనువాదం మూలంలో లేని పుణ్యాన్ని తెచ్చి పెట్టినది.

తెలుగులో వేరే మాటలు లేకపోలేదు. ‘వదలుకొను’ అంటే ఆ ‘కొను’లో పోగొట్టుకొన్నవాని బాధ ఉన్నది. ‘ఒప్పగించు’ అంటే బాధ లేదు కాని బాధ్యత ఉన్నది. పిల్లను అత్తవారికి, దొంగను ఠాణాకు ఒప్పగిస్తాము. ‘ధారాదత్తం చేయు’ ఒకనాడు శాసనాలలో పుణ్యవాచకం. నేడు పత్రికలలో అది దూషణ. ప్రజల సొత్తును ఎవరికో తేరగా కట్టబెట్టినారని చెప్పడానికే ఆ మాట వాడుతున్నారు. ‘సీడ్’లో ఈ ఛాయలేవీ లేవు. దాని బలం అదే. ఏ భావమూ లేని క్రియతో వ్రాసిన పత్రంమీద సంతకం చేయడం సులువు.

సంతకం అయిన తరువాత పని థామస్ మన్రో మీద పడినది. 1800 నుండి 1807 వరకు ఆయన ఈ సీమకు ప్రిన్సిపల్ కలెక్టరు. ఎనుబదిమంది దాకా ఉన్న పాళెగాండ్రను అణచి, పొలాలు కొలిపించి, రైతువారీ పద్ధతిని ఇక్కడ నెలకొల్పినాడు. కాగితంలో లేని మనుషులు చిట్టాలలోకి ఎక్కినది అప్పుడే. పన్ను కట్టేవారుగా ఎక్కినారు. కర్నూలు కొంతకాలం నవాబు క్రింద ఉండి 1839లో కంపెనీకి చేరినది. మన్రో గవర్నరుగా మరలి వచ్చి 1827లో పత్తికొండలో మరణించినాడు. తెలుగు మాటలన్నిటిని నిఘంటువుకెక్కించిన బ్రౌను 1820లో కొలువుకు వచ్చి తెలుగు నేర్చుకొన్నదీ ఈ సీమలోని కడపలోనే.

ఇక విడిపోయిన ఆ రెండవ క్రియ కథ. 1853 నాటికి నాసిరుద్దౌలా నిజాం కంపెనీకి పెద్ద మొత్తంలో బాకీ పడినాడు. హైదరాబాదు కంటింజెంటు అనే సేన ఖర్చు అందుకు కారణం. డల్హౌసీ తరఫున రెసిడెంటు కర్నల్ లో బీరారునూ మరికొన్ని ప్రాంతాలనూ అడిగినాడు. నిజాం ఎదురుతిరిగినాడు. అనవసరంగా పూర్వుల నేలను ఇచ్చివేయడం, నమ్మి కొలిచిన సేనను తొలగించడం, ఈ రెండూ ప్రభువుకు అపకీర్తి అని ఆయన అన్నట్లు లో స్వయంగా వ్రాసినాడు. ఈసారి నేల పంపకంలో వచ్చినది కాదు, పూర్వులది. బేరసారాల తరువాత శాశ్వతమనే మాట తొలగినది. దానితో ‘సీడ్’ కూడా తొలగినది. 1853 మే 21నాటి సంధిలో నిజాం ఆ జిల్లాలను పరిపాలన కొరకు ‘అసైన్’ చేసినాడు. రెసిడెంటు ఏటేటా జమాఖర్చు లెక్క చూపాలి, ఖర్చుపోగా మిగిలినది నిజాముకు ముట్టజెప్పాలి. బీరారుకు సర్కారు పెట్టిన పేరు ‘హైదరాబాదు అసైన్డ్ జిల్లాలు’. కృష్ణాతుంగభద్రలకు దక్షిణాన ‘సీడెడ్’, ఉత్తరాన ఎక్కడో ‘అసైన్డ్’: ఒకే ప్రభువు చేతినుండి జారిన రెండు సీమలు రెండు కృదంతాలను పేర్లుగా ధరించినవి.

ఆ తేడాను ఆధారం చేసుకొని సాలార్‌జంగు తన జీవితంలో చాలాభాగం బీరారును తిరిగి రాబట్టడానికి పోరాడినాడు. కడప, బళ్ళారులకోసం అట్లు పోరాడే వీలు ఆయనకు లేదు. ‘సీడ్’ ఆ తలుపును గొళ్ళెం పెట్టి మూసినది. ‘అసైన్’ ఓరగా వేసి ఉంచినది. 1902లో కర్జను మహబూబ్ అలీఖానును ఒప్పించి ఏటా 25 లక్షల రూపాయలకు బీరారును శాశ్వతపు కౌలుకు తీసుకొన్నాడు. ఆ వెంటనే నిజాముకు జి.సి.బి. అనే బిరుదు వచ్చినది. దానికి ‘గేవ్ కర్జన్ బీరార్’, అంటే కర్జనుకు బీరారు ఇచ్చినవాడు, అని ఆనాటి పరిహాసకులు విగ్రహవాక్యం చెప్పినారు. ఉస్మాన్ అలీఖాను 1923లో మళ్ళీ బీరారును అడిగినాడు. దానికి 1926లో వైస్రాయి రీడింగు పంపిన జవాబు, బ్రిటిషు సార్వభౌమత్వంతో సమానస్థాయిలో బేరమాడే హక్కు ఏ సంస్థానాధీశునికీ లేదని తేల్చిన పత్రంగా భారతదేశ చరిత్రలో ప్రసిద్ధమైనది. 1936లో నిజాము పెద్దకుమారునికి ‘బీరారు రాకుమారుడు’ అనే బిరుదు దక్కినది, బీరారు దక్కలేదు.

తెలుగువారికి ఈ ‘అసైన్డ్’ అపరిచితం కాదు. భూమిలేనివారికి సర్కారు పంచిన పట్టా నేలను పల్లెల్లో నేటికీ ‘అసైన్డ్ భూమి’ అంటారు. దున్నుకొనే హక్కు ఉన్నది, అమ్ముకొనే హక్కు లేదని 1977నాటి చట్టం చెప్పినది. నాసిరుద్దౌలా పట్టుబట్టి నిలుపుకొన్న తేడా అటువంటిదే. అనుభవం వేరు, స్వామ్యం వేరు.

నడుమ 1860లో ‘సీడ్’ మరొకమారు తెలుగు నేలమీద పడినది. ఆ ఏటి డిసెంబరు సంధిలో కంపెనీ స్థానంలోకి వచ్చిన బ్రిటిషు ప్రభుత్వం రాయచూరు అంతర్వేదిని, ధారాశివ ప్రాంతాన్ని నిజాముకు మరలించి, 50 లక్షల బాకీ కొట్టివేసి, సురపురం సంస్థానాన్ని ఆయనకు ‘సీడ్’ చేసినది. సురపురపు రాజు 1857–58నాటి తిరుగుబాటులో కూలిపోయినాడు. ఆంగ్లేయుడు ఈ క్రియకు తానే కర్తగా నిలిచిన అరుదైన సందర్భమిది. ఇచ్చినది మాత్రం తన ఇంటి సొత్తు కాదు. బదులుగా నిజాం గోదావరి ఎడమగట్టున ఉన్న తాలూకాలను పూర్తి స్వామ్యంతో వదలుకొన్నాడు: రేకపల్లి, భద్రాచలం, చర్ల, అల్బాక, నూగూరు, సిరోంచ. గోదావరిమీద పడవల రాకపోకలకు అడ్డు ఉండరాదన్నది ఉద్దేశం. తానీషా ఖజానానుండి రామదాసు గుడి కట్టించిన ఊరు ఒక నదీయానపు లెక్కలో చేయి మారినది. మొదట మధ్యపరగణాలలోకి పోయి, భద్రాచలం, రేకపల్లి 1874లో మద్రాసు రాష్ట్రంలోకి వచ్చినవి. 1879లో రంప తిరుగుబాటు లేచినప్పుడు అది రేకపల్లికీ పాకినది. మద్రాసు ప్రభుత్వపు పోడుపన్నులు, అటవీ నిబంధనలు అందుకు కారణాలు. కారకం లేని మనుషులు వాక్యంలోకి చొరబడే మార్గం అప్పుడు అదొక్కటే. భద్రాచలం ఆ తరువాత కూడా నిలకడగా ఉండలేదు. 1959లో తూర్పు గోదావరినుండి ఖమ్మానికి మారినది, 2014లో చుట్టూ ఉన్న కొన్ని మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు పోయినవి. అప్పటికి క్రియలు మారినవి, ‘విలీనం’ అన్నారు, ‘బదలాయింపు’ అన్నారు.

కృష్ణకు దక్షిణాన ఉన్నవారు పేరు మార్చుకొనడానికి 1928 దాకా పట్టినది. ఆ నవంబరు 17, 18 తేదీలలో నంద్యాలలో ఆంధ్రమహాసభ జరిగినది. దానితోపాటు దత్తమండలాలవారు కడప కోటిరెడ్డి అధ్యక్షతన ప్రత్యేకంగా కూడినారు. ‘దత్త’ అనే మాట తమకు అవమానమని తలచినారు. అప్పుడు ‘రాయలసీమ’ అనే పేరును సూచించినవాడు చిలుకూరి నారాయణరావు. ఆయన ఉత్తరాంధ్రవాడు, అనంతపురం కళాశాలలో అధ్యాపకుడు, తరువాత ఆంధ్రభాషాచరిత్రను వ్రాసిన భాషావేత్త. 1916లో స్థాపించినప్పుడు ఆ కళాశాల పేరే దత్తమండల కళాశాల. ఒక భాషావేత్త చేసిన సూచన కనుక అందులోని నేర్పును చూడవలసి ఉన్నది. ఆయన ‘దత్త’కు బదులు మరొక విశేషణాన్ని వెదకలేదు. క్రియనే తీసివేసినాడు. ‘రాయలసీమ’లో ఇచ్చుట లేదు, పుచ్చుకొనుట లేదు. షష్ఠీ సంబంధం ఉన్నది. సంధిపత్రం నిజామును కర్తగా నిలిపితే, ఈ పేరు నిజామును దాటి, టిప్పును దాటి, విజయనగరం దాకా వెనుకకు నడచినది. రాజుల నీడనుండి బయటపడలేదని ఎవరైనా ఆక్షేపిస్తే ఆక్షేపించవచ్చును. రాయలు కూడా రాజే. కాని అంతకుముందు ఆ సీమ గుర్తు ఒక పోగొట్టుకొన్న ప్రభువుదీ ఒక పుచ్చుకొన్న కంపెనీదీ. ఈ పేరు అక్కడివారు సభచేసి ఎన్నుకొన్నది.

పేరు మారినా హద్దులు మాట వినలేదు. 1953 అక్టోబరు 1న ఆంధ్రరాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్ళారి జిల్లాలోని ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు మాత్రమే ఇటు వచ్చినవి. తక్కినది మైసూరుకు పోయినది. అంతకు ఆరేండ్లముందు, 1947లో, ‘సీడ్’ ధాతువే ‘ఆక్సీడ్’ వేషంలో హైదరాబాదుకు వచ్చినది. సంస్థానాలన్నిటి ముందు పెట్టిన చేరికపత్రం పేరు ‘ఇన్‌స్ట్రుమెంట్ ఆఫ్ ఆక్సెషన్’. వదలుకొనడానికి 1800లో సంతకం చేసిన వంశం చేరడానికి సంతకం చేయలేదు. నవంబరు 29న యథాతథపు ఒడంబడికతో సరిపెట్టినది. 1948 సెప్టెంబరులో సైన్యాలు కదలిన తరువాత ఆ తగవు ముగిసినది.

‘దత్తమండలం’ నేడు చరిత్ర పుస్తకాలలో తప్ప వినబడదు. ‘సీడెడ్’ మాత్రం పోలేదు. తెలుగు సినిమా పంపిణీదారులు రాష్ట్రాలు మారినా తమ పటాన్ని మార్చుకొనలేదు. వారి లెక్కల్లో నైజాం ఉన్నది, ఆంధ్ర ఉన్నది, సీడెడ్ ఉన్నది. ఆ సీడెడ్‌లో రాయలసీమతోపాటు మైసూరుకు పోయిన బళ్ళారి కూడా ఉన్నది. మన్రో కలెక్టరుగా ఏలిన ప్రాంతపు రూపురేఖలు అంత దగ్గరగా నిలిచి ఉన్నది ఆ వ్యాపారపు పుస్తకాలలోనే. ఒక కొత్తచిత్రం విడుదలైన శుక్రవారంనాడు ‘సీడెడ్‌లో ఎంత వసూలు’ అని పత్రికలు వ్రాస్తాయి. చదివేవారు దానిని ఒక ఊరి పేరుగానే చదువుతారు. 1800లో కూడా ఆ మాట వెనుక ఉన్న ప్రశ్న వసూలు ఎంత అన్నదే.